మైల్డ్ హైబ్రిడ్ కార్లను మా రోడ్డు కోసం చేయండి: కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

దేశంలో మైల్డ్ హైబ్రిడ్ కార్లు తయారుచేసి అమ్ముతున్న సంస్థల అధిపతులకు, కొత్త మోడళ్లను రూపొందించే ఇంజనీర్లకు, అమ్మకాల విభాగాల పెద్దలకు,

నమస్కారాలు.

నేను విశాఖపట్నంలో, గాజువాక దగ్గర, కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. సెల్ఫ్ మోటారు, డైనమో, బ్యాటరీ, వైరింగ్ నా వృత్తి. మీ మైల్డ్ హైబ్రిడ్ కార్లు వారంటీ గడువు దాటాక నా షెడ్డుకు వస్తాయి. వాటి యజమానులు షోరూములో అడగవలసిన ప్రశ్నలను నన్ను అడుగుతారు. వాటిలో చాలా ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది నేను కాదు, మీరు. అందుకే ఈ లేఖ.

ముందుగా ఒక మాట. మైల్డ్ హైబ్రిడ్ అంటే నాకు గౌరవం. డైనమో ఉండే చోటే బెల్టుతో తిరిగే ఒక మోటారు పెట్టారు. అది బ్రేకు వేసినప్పుడు కరెంటు పుట్టిస్తుంది, కారు కదిలేటప్పుడు ఇంజనుకు కాస్త తోడు నిలుస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనును కుదుపు లేకుండా మళ్లీ తిప్పుతుంది. ముందు సీటు కింద చిన్న లిథియం బ్యాటరీ. ఇంతే సరంజామా. కారును తనంతట తాను నడిపించే బలం దానికి లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. తక్కువ ఖర్చుతో, ఉన్న ఇంజనుకే నాలుగు చుక్కల పెట్రోలు మిగిల్చే పద్ధతి అది. పది పన్నెండు లక్షలు పోగుచేసుకుని జీవితంలో ఒక్కసారి కారు కొనే ఇంటికి ఇంతకంటే తగిన సాంకేతికత లేదని నా నమ్మకం. అయితే మీరు దీన్ని ఆ ఇంటి కోసం చేయడం లేదు. పరీక్షాగారం కోసం, పన్నుల పట్టిక కోసం చేస్తున్నారు. నా ఫిర్యాదు ఇదే.

మైలేజీ అంకె ఎలా వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు, కాని ఈ లేఖ చదివే కారు యజమానులకు తెలియాలి. కారును రోలర్ల మీద నిలబెట్టి, ఒక నిర్ణీత క్రమంలో 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువగా నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఆ సమయంలో దాదాపు నాలుగో వంతు కారు కదలకుండా నిలబడే ఉంటుంది. ఏసీ ఆపేసి ఉంటుంది. నిలబడిన ప్రతిసారీ ఇంజను ఆగిపోయే కారుకు ఇలాంటి పరీక్షలో మంచి మార్కులు పడతాయి. 2023లో మారుతి బ్రెజా ప్రాథమిక మాన్యువల్ రకాల నుంచి మైల్డ్ హైబ్రిడ్ ఏర్పాటును తీసేసినప్పుడు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 20.15 కిలోమీటర్ల నుంచి 17.38కి దిగింది. అదే 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజను, తేడా రెండున్నర కిలోమీటర్లకు పైనే. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి కాగితం మీద 95 లీటర్ల తేడా అది. లీటరు 110 రూపాయల లెక్కన పది వేల పైచిలుకు. చిన్న మొత్తమేమీ కాదు.

ఆ 95 లీటర్లలో విశాఖ రోడ్ల మీద ఎంత దక్కుతుంది? ఇక్కడే మా ఊరి గాలి గురించి చెప్పాలి.

విశాఖలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ. టీవీలో 34 డిగ్రీలే చెబుతారు, కాని సముద్రపు తేమకు పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. చలికాలంలో కొన్ని వారాలు మినహాయిస్తే ఇక్కడ ఏసీ లేకుండా కారులో కూర్చునేవారు తక్కువ. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇంజను ఆగింది అనుకుందాం. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజను బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి దానితోపాటు అదీ ఆగింది. ఫ్యాను తిరుగుతుంది, గాలి వస్తుంది, చల్లదనం మాత్రం నిమిషం నిలవదు. లోపల వేడి పెరగగానే కారు తానే ఇంజనును మళ్లీ నడిపిస్తుంది. లేదా వెనక సీట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉన్నందుకు యజమాని విసిగి, ఇంజను తనంతట ఆగే ఏర్పాటును పనిచేయకుండా చేసే మీట నొక్కుతాడు. మళ్లీ తాళం తిప్పినప్పుడు ఆ మీట మొదటికి వస్తుంది కాబట్టి, మర్నాడు మళ్లీ నొక్కుతాడు. కొందరు దాన్ని శాశ్వతంగా ఆపేయమని నా దగ్గరికే వస్తారు. డబ్బు పెట్టి కొన్న సదుపాయాన్ని డబ్బిచ్చి ఆపించుకోవడానికి రావడం చూస్తే బాధగా ఉంటుంది. మీ మైలేజీ అంకెలో పెద్ద భాగం ఏ పని వల్ల వచ్చిందో, సరిగ్గా ఆ పనే మా వాతావరణంలో సాగడం లేదు.

దీనికి పరిష్కారం లేదా అంటే ఉంది, ఎప్పటినుంచో ఉంది. సుజుకీ సంస్థ 2012లో జపాన్‌లో విడుదల చేసిన వ్యాగన్ ఆర్‌లో చల్లదనాన్ని నిలవచేసే పదార్థాన్ని, గాలిని చల్లబరిచే భాగమైన ఏసీ ఎవాపరేటర్‌లోనే అమర్చింది. ఇంజను ఆగినా లోపలికి చల్లగాలి కొంతసేపు వస్తూనే ఉంటుంది, అందువల్ల ఇంజను ఎక్కువసేపు ఆగి ఉండగలుగుతుంది. అది ఖరీదైన కారు కాదు, అక్కడి సామాన్యుల చిన్న కారు. ఇక 2017లో మెర్సిడెస్ తన ఎస్ క్లాస్ కారులో 48 వోల్టుల కరెంటుతో నడిచే ఏసీ కంప్రెసర్ పెట్టింది. ఇంజనుతో దానికి పనే లేదు. కొంతదూరం కరెంటుతోనే నడవగల బలమైన హైబ్రిడ్ కార్లలో కూడా కంప్రెసర్ విద్యుత్తుతోనే తిరుగుతుంది. అంటే ఏమి చేయాలో మీ ఇంజనీర్లకు తెలుసు. చలి దేశాలకు అవసరమైనదానికన్నా తీరప్రాంతంలో బతికే మాకు ఈ ఏర్పాటు ఎన్నో రెట్లు అవసరం. అయినా మా ఊళ్లో పంచే మీ ప్రచార పత్రాల్లో తెర ఎన్ని అంగుళాలో, పైకప్పు అద్దం ఎంత పెద్దదో కనిపిస్తుంది కాని, ఇంజను ఆగినప్పుడు ఏసీ ఎంతసేపు చల్లగా ఉంటుందో నాకు ఎక్కడా కనిపించలేదు. దయచేసి ఆ ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే, రాయగలిగేలా కారును చేయండి.

రెండో విషయం, నేర్పించడం. మాన్యువల్ గేరు కారులో ఇంజను తనంతట ఆగాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి, క్లచ్ మీద నుంచి కాలు తీయాలి. మా ఊళ్లో సగం మంది సిగ్నల్ దగ్గర మొదటి గేరులోనే, క్లచ్ తొక్కిపెట్టి, ఎప్పుడు పచ్చదీపం వెలుగుతుందా అని చూస్తారు. ఆ కారులో ఇంజను ఒక్కసారి కూడా ఆగదు. ఆగనివ్వాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రిటైరైన ఒక మాస్టారు కొన్న కొద్ది నెలలకే నా దగ్గరికి వచ్చి, "మేస్త్రీ గారూ, మైలేజీ రావడం లేదు, బ్యాటరీ పోయిందేమో చూడండి" అన్నారు. బ్యాటరీ బాగానే ఉంది. ఆయన పక్కన కూర్చుని అరగంట నడిపించాను. గేరు ఎప్పుడు తీయాలో, దూరం నుంచే కాలు తీసి కారును ఎలా దొర్లనివ్వాలో, బ్రేకును చివర్లో గట్టిగా కాక ముందునుంచే మెల్లగా ఎందుకు వేయాలో చెప్పాను. "ఇవి నాకు కారు ఇచ్చిన రోజున ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నను అలాగే మీకు పంపుతున్నాను. తాళాలు చేతికిచ్చేటప్పుడు కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీసి పంపేస్తే చాలదు. ఆ పదిహేను నిమిషాల పాఠం లేకపోతే మీ హైబ్రిడ్ అక్కరకు రాని బరువు.

ఘాట్ రోడ్ల గురించి కూడా చెప్పాలి. సింహాచలం కొండకో, సెలవురోజుల్లో అనంతగిరి మీదుగా అరకుకో వెళ్లివచ్చినవాళ్లు, కొండ దిగుతున్నంతసేపూ బ్యాటరీ నిండుతుందని, ఆ కరెంటుతో ఇంటికి చేరవచ్చని ఆశపడతారు. సీటు కింద ఉన్న ఆ చిన్న బ్యాటరీ కొన్ని మలుపుల్లోనే నిండిపోతుంది, ఆ తరువాత దిగుడంతా వేడిగా బ్రేకుల్లో పోవలసిందే. ఎక్కేటప్పుడు అది ఇంజనుకు ఇచ్చే తోడు కూడా కొన్ని సెకన్లదే. ఇది తప్పు కాదు, దాని పరిమాణం అంత. 12 వోల్టుల తీగలో రెండు కిలోవాట్లు రాబట్టాలంటే సుమారు 170 ఆంపియర్లు పారాలి. అదే 48 వోల్టులైతే 42 ఆంపియర్లు చాలు, తీగలు సన్నబడతాయి, మోటారు పెద్దది పెట్టవచ్చు, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ కరెంటు దొరుకుతుంది. ఎంజీ హెక్టర్ 2019లోనే 48 వోల్టుల పద్ధతితో వచ్చింది. 2025లో టొయోటా ఫార్చ్యూనర్‌కు వచ్చింది, కాని ఆ కారు ధర నలభై లక్షలు దాటింది. పెట్రోలు బంకు దగ్గర మీటరు వంక కళ్లప్పగించి చూసే మనిషి ఆ కారు కొనడు.

పన్నుల సంగతి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే మీకది నాకంటే బాగా తెలుసు. 2015 ఏప్రిల్‌లో హైబ్రిడ్, విద్యుత్ వాహనాలను ప్రోత్సహించడానికి కేంద్రం ఫేమ్ పథకం తెచ్చింది. ఆ ఏడాదే మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ కార్లు స్మార్ట్ హైబ్రిడ్ పేరుతో వచ్చాయి. వాటికి 13 వేల రూపాయల ప్రోత్సాహకం, దానికి తోడు ఎక్సైజ్ సుంకంలో పెద్ద రాయితీ. 2017 ఏప్రిల్ 1న మైల్డ్ హైబ్రిడ్‌ను పథకం నుంచి తప్పించారు. ఆ జూలైలో జీఎస్టీ వచ్చి రాయితీ పోయేసరికి ఆ కార్ల ధర లక్షకు పైగా పెరిగింది. 2022-23 నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు కర్బన ఉద్గారం కిలోమీటరుకు 113 గ్రాముల దగ్గర ఉండాలన్న ప్రమాణం అమలులోకి వచ్చింది. ఇంజను తనంతట ఆగే ఏర్పాటుకు, బ్రేకు నుంచి కరెంటు రాబట్టే ఏర్పాటుకు ఆ లెక్కలో విడిగా సడలింపు కూడా ఉంది. కాబట్టి ఇవన్నీ అమర్చడానికి మీకు బలమైన కారణాలున్నాయి. వాటిని నేను తప్పుపట్టను. పొగ తగ్గాలన్న నియమం మంచిదే. జాతీయ స్వచ్ఛ గాలి పథకంలో గాలి బాగాలేని నగరాల జాబితాలో మా విశాఖ కూడా ఉంది. లారీల పొగ, బొగ్గు దుమ్ము పీలుస్తూ బతుకుతున్న మాకు ఆ నియమం విలువ తెలుసు. కాని కర్మాగారం నుంచి కారు బయటికి రాగానే మీ లెక్క పూర్తవుతుంది. మా లెక్క అప్పుడే మొదలవుతుంది. సిగ్నల్ దగ్గర మీట నొక్కి ఇంజను నడుపుతూ కూర్చున్న కారు మీ పట్టికలో తక్కువ పొగ కారే, మా గాలిలో కాదు.

ఇంకో విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఈ సాంకేతికత ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే దూరమవుతోంది. 2019లో బాలెనో 1.2 లీటర్ల పెట్రోల్ కారుకు స్మార్ట్ హైబ్రిడ్ ఇచ్చారు, ప్రకటించిన మైలేజీ 23.87. 2022లో కొత్త బాలెనో వచ్చినప్పుడు హైబ్రిడ్ లేదు. 2024లో కొత్త ఇంజనుతో కొత్త స్విఫ్ట్ జపాన్‌లోనూ బ్రిటన్‌లోనూ మైల్డ్ హైబ్రిడ్‌గా అమ్ముడవుతుంటే, మే నెలలో మన దేశానికి అది లేకుండా వచ్చింది. బ్రెజా సంగతి పైన రాశాను. ప్రాథమిక రకం కొనేవాడే ఎక్కువగా లెక్క చూసుకునేవాడు. అతని కారులోంచి తీసేసి, పైకప్పు అద్దం ఉన్న ఖరీదైన రకంలో ఉంచడం ఏ వ్యూహమో నాకు అర్థం కాదు. ధర తగ్గించాలంటే మెరిసే చక్రాలు తీసేయండి. ఇప్పుడు మీకు సాకు కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోల్ కార్లకు, అందులో హైబ్రిడ్‌లకు కూడా, జీఎస్టీ 18 శాతమే. మైల్డ్ హైబ్రిడ్ చక్కగా ఇమిడేది సరిగ్గా అలాంటి కార్లలోనే. చిన్న కారు, చిన్న ఇంజను, నగరంలో తిరుగుడు, ఆగుతూ సాగుతూ వెళ్లే ప్రయాణం. జపాన్‌లో మీరు చేసినది ఇదే కదా. విశాఖ వాడికి ఎందుకు చేయరు?

కొనేవాడి ఆశల వైపు కూడా న్యాయంగా చూడాలి. ఒకే షోరూములో, ఒకే గ్రాండ్ విటారా పక్కపక్కన రెండు నిలబడతాయి. ఒకదానికి 21.11, రెండోదానికి 27.97 మైలేజీ అని రాసి ఉంటుంది. రెంటినీ హైబ్రిడ్ అనే పిలుస్తారు. రెండోది కొంతదూరం పూర్తిగా కరెంటుతో నడవగలదు, మొదటిది నడవలేదు. లక్షల తేడా ఎందుకో అమ్మకందారు వివరంగా చెప్పకపోతే, మొదటిది కొన్నవాడు రెండోదాని ఆశలతో ఇంటికి వెళతాడు. బలమైన హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల హామీ ఇస్తున్నామని మీరు పెద్ద అక్షరాలతో రాస్తారు. మైల్డ్ హైబ్రిడ్ లిథియం బ్యాటరీకి ఎంత హామీ, పోతే ఎంత ధర అని అడిగితే కౌంటరు దగ్గర ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారని నా దగ్గరికి వచ్చేవాళ్లు అంటారు. పెట్రోలులో మిగిలినదంతా ఒక్క బ్యాటరీ మార్పుతో పోతుందా, పోదా? కొనకముందే తెలుసుకునే హక్కు వాళ్లకు ఉంది. ఆ ధరను, మోటారు బెల్టు ధరను, బెల్టు బిగువు చూసే టెన్షనర్ ధరను మీ వెబ్‌సైటులో పెట్టండి, ఏడాదికోసారి సవరించండి.

నా వృత్తికి సంబంధించిన మాట కూడా ఒకటుంది. ఈ కార్లలో లిథియం బ్యాటరీతో పాటు బానెట్ కింద మామూలు బ్యాటరీ కూడా ఉంటుంది, కాని అదీ మామూలుది కాదు. పదేపదే ఇంజను ఆగి తిరిగే పనిని తట్టుకునే రకం. ఇది తెలియక చాలామంది చవకది వేయించుకుంటారు, ఆ తరువాత ఇంజను తనంతట ఆగడం మానేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. సముద్రపు ఉప్పుగాలికి టెర్మినళ్లకు పచ్చగా చిలుము పడుతుంది, ఎర్తు తీగలను తుప్పు తినేస్తుంది. 170 ఆంపియర్లు పారే చోట చిన్న చిలుము చాలు, లోపం చూపించడానికి. శుభ్రంచేసి బిగిస్తే పోయే జబ్బుకు మోటారే మార్చాలన్న అంచనా చేతికిచ్చి పంపిన సందర్భాలు నాకు తెలుసు. ఆ దీపం ఎందుకు వెలిగిందో చదివే స్కానరు సమాచారం మాలాంటి చిన్న మెకానిక్‌లకు పూర్తిగా అందదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది, అందులో వాహన రంగం కూడా ఉంది. మైల్డ్ హైబ్రిడ్ ఏర్పాటుకు సంబంధించిన లోపాల కోడ్లు, వైరింగ్ పటాలు, బ్యాటరీ మార్చే పద్ధతి అందులో తెలుగులో పెట్టండి. శిక్షణ ఇస్తామంటే గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న మెకానిక్‌లు ఆదివారమైనా సరే వస్తారు. డబ్బు కట్టమంటే కడతాం. తీరప్రాంతంలో అమ్మే కార్లకు టెర్మినళ్ల శుభ్రతను మామూలు సర్వీసు జాబితాలోనే చేర్చండి.

విద్యుత్ కార్లు వస్తున్నాయి కదా, ఇక ఇదెందుకు అని మీ సమావేశాల్లో ఎవరైనా అంటూ ఉండవచ్చు. అపార్టుమెంటు సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు పెట్టనివ్వని సంఘాలు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి. వీధిలో కారు నిలిపే కుటుంబాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాళ్లు ఇవాళ కొనే పెట్రోల్ కారు ఇంకో పదిహేనేళ్లు ఈ రోడ్ల మీదే తిరుగుతుంది. ఆ పదిహేనేళ్లూ అది ఎంత పెట్రోలు తాగుతుందో నిర్ణయించే అవకాశం ఇవాళ మీ చేతుల్లో ఉంది.

చివరిగా ఒక కోరిక. మే నెలలో మీ ఇంజనీర్లను విశాఖ పంపండి. గాజువాకలో ఉదయం ఎనిమిదిన్నరకు కారెక్కి, షీలానగర్, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతువాక మీదుగా మధురవాడ దాకా వెళ్లమనండి. కారులో నలుగురు కూర్చోవాలి, ఏసీ నడుస్తూ ఉండాలి, ఆ మీట ఎవరూ నొక్కకూడదు. సాయంత్రం అదే దారిన తిరిగి రావాలి. మైల్డ్ హైబ్రిడ్ ఉన్న కారు ఒకటి, లేనిది ఒకటి, రెండూ పక్కపక్కనే నడవాలి. ట్యాంకులు నింపి కొలవండి. ఇంజను ఎన్ని నిమిషాలు ఆగి ఉందో, లోపల వేడి ఎంత పెరిగిందో రాయండి. వచ్చిన అంకెను, అది ఎంత చిన్నదైనా సరే, మీ పరీక్షాగారం అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో షోరూములో పెట్టండి. కార్లు నిలపడానికి, మీటర్లు బిగించడానికి నా షెడ్డులో చోటు ఇస్తాను.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
కార్ల ఎలక్ట్రికల్ మెకానిక్,
గాజువాక, విశాఖపట్నం